మూసీ నల్లగ ఎందుకున్నది? మోరి నీళ్ల ప్లాంటు ఏం జేస్తది, ఏం జెయ్యది

మూసీ కత్వల కింద తెల్లటి నురుగు పొంగుతుంటే తీసిన వీడియోలు అప్పుడప్పుడు మన ఫోన్లల్ల తిరుగుతయి. దాని కింద రెండు రకాల మాటలు కనవడ్తయి. ఒకలు "అంత కెమికలే" అంటరు. ఇంకొకలు "అంబర్‌పేటల అంత పెద్ద ప్లాంటు కట్టిండ్రు, కోట్లు మింగిండ్రు, నీళ్లు మాత్రం గట్లనే ఉన్నయి" అంటరు. రెండు మాటలల్ల కోపం నిజమే. గని కోపంతోని పాటు లెక్క సుత ఉండాలె. లెక్క లేని కోపాన్ని ఆఫీసరు ఒక్క కాయితం సూపిచ్చి సల్లార్పుతడు.

నేను పెద్ద సదువులు సదువుకున్నోణ్ని కాదు. ఇంజినీరును అసలే కాదు. మూసీ నీళ్ల మీద ఊర్లు తిరుక్కుంట, రైతులతోని, మోరి పని చేసేటోళ్లతోని మాట్లాడుకుంట, పొల్యూషన్ బోర్డు కాయితాలు ఒక్కొక్క అక్షరం కూడవెట్టుకోని సదువుకుంట నేర్చుకున్న. గా నేర్చుకున్నది మీకు సదువుకున్న పిల్లలకు అప్పజెప్తున్న. మోరి నీళ్లను సాఫ్ చేసే ప్లాంటు, దాన్నే ఎస్‌టీపీ అంటరు, అది లోపల ఏం జేస్తది? నదిని ఎట్ల కాపాడుతది? ఎక్కడ చేతులెత్తేస్తది? ఈ మూడు ముచ్చట్లు తెలిస్తె, మనం అడిగే సవాలు సూటిగ ఉంటది.

నది సచ్చేది ఊపిరాడక

నీళ్లు నల్లగ అయినయి, వాసనొస్తున్నయి అంటె అర్థం ఏంది? ఆ నీళ్లల్ల గాలి అయిపోయింది అని అర్థం. మనం పీల్చుకునే ఆక్సిజన్ నీళ్లల్ల సుత కొంత కలిసి ఉంటది. మన ఎండలకు, మన వేడికి, లీటరు మంచి నీళ్లల్ల సుమారు 8 మిల్లీగ్రాములు మాత్రమే నిలుస్తది. అంత కన్నా ఎక్కువ పట్టదు. ఆ గంత గాలి మీదనే చాప బతకాలె, పీత బతకాలె, కంటికి కనవడని పురుగులన్ని బతకాలె. చాపలు బతకాలంటె కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క.

ఇప్పుడు ఆ నీళ్లల్ల మన దొడ్డి నీళ్లు, అంట్లు తోమిన నీళ్లు, హోటల్ల ఎంగిలి అన్ని పడ్డయనుకో. నీళ్లల్ల ఉండే సూక్ష్మజీవులకు అది పండుగ బువ్వ. తినుకుంట తినుకుంట అవి పెరుగుతయి, పెరుగుకుంట ఆక్సిజన్ పీల్చుకుంటయి. ఆ మురికిని తిననీకె సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలె అన్నదాన్నే బీఓడీ అంటరు. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అని రాస్తరు. బీఓడీ ఎంత పెద్దగుంటే నీళ్లు అంత మురికి. ఇంత కన్నా దాంట్ల బ్రహ్మవిద్య ఏమీ లేదు.

మన ఇండ్లల్లకెల్లి వచ్చే పచ్చి మోరి నీళ్లల్ల బీఓడీ మామూలుగ 150 నుంచి 300 దాంక ఉంటది. 200 అనుకుందాం. అంటె ఒక్క లీటరు మోరి నీళ్లకు 200 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలె. లీటరు మంచి నీళ్ల దగ్గర ఉన్నది 8. 200ను 8 తోని భాగిస్తె 25. ఒక్క లీటరు మోరి నీళ్లు, 25 లీటర్ల మంచి నీళ్ల ఊపిరి మొత్తం పీల్చేస్తయి అన్నట్టు. ఒక బకిట్‌కు ఇరవై ఐదు బకిట్లు.

ఆక్సిజన్ అయిపోయినంక ఏమైతది? గాలి అక్కర లేని ఇంకో జాతి సూక్ష్మజీవులు లేస్తయి. అవి తింటె కుళ్లిన గుడ్డు వాసనొచ్చే గ్యాసు పుడ్తది. నీళ్లల్ల ఉన్న ఇనుముతోని ఆ గ్యాసు కలిస్తె నల్ల రంగొస్తది. మూసీ నలుపులో పెద్ద వాటా గిదే. నురుగు ముచ్చట వేరు. బట్టల సబ్బు, అంట్ల సబ్బు, షాంపూ అన్ని కలిసి వస్తయి. కత్వ మీదికెల్లి నీళ్లు దబ్బున కింద పడ్డప్పుడు కవ్వంతోని చిలికినట్టయి పొంగుతయి. ఫ్యాక్టరీల పాపం లేదని నేను అంటలేను, ఆ ముచ్చట ముందట చెప్త. గని నురుగుల మన ఇండ్ల సబ్బు సుత ఉన్నది.

నది తనను తాను కడుక్కుంటది, గని భారం ఎక్కువైంది

ఎనుకటి మనుషులు "పారే నీళ్లకు మైల లేదు" అనేటోళ్లు. ఆ మాటల అబద్ధం లేదు. నీళ్లు పారుకుంట, రాళ్ల మీద దుంకుకుంట గాలి పట్టుకుంటయి. మట్టి అడుగుకు కూసుంటది. ఎండ తగిలి రోగక్రిములు సస్తయి. మూసీ మీద హైదరాబాద్ కింద ఇరవై పైన పాత కత్వలున్నయి, పొలాలకు నీళ్లు మలుపనీకె కట్టినయి. విదేశీ పరిశోధకులు నీళ్లు పరీక్షించి 2010ల ఒక పేపరు రాసిండ్రు. పట్నం దాటినంక కిందికి పోంగ పోంగ బీఓడీ తగ్గుతున్నది, కడుపుల పురుగుల గుడ్లు మాయమైతున్నయి అని తేలింది. కారణం ఏందయ్యా అంటె ఆ కత్వలే. కత్వ ఎనుక నీళ్లు నిలవడ్తయి, మురికి కిందికి దిగుతది, పైన తేరిన నీళ్లు పోతయి. మన తాతలు నాటు పెట్టనీకె కట్టుకున్న కత్వలు, ఎవరూ చెప్పకుండనే మోరి నీళ్లను సాఫ్ చేసే పని నెత్తినేసుకున్నయి.

మరి నది తనే చేసుకుంటె ప్లాంటు ఎందుకు? నది చేసుకోగలిగిన దానికి ఒక హద్దు ఉన్నది. అనంతగిరి గుట్టలల్ల పుట్టిన మూసీ, వాడపల్లి దగ్గర కృష్ణల కలిసేదాంక సుమారు 240 కిలోమీటర్లు. 1908 సెప్టెంబర్ వరదల పట్నం మునిగినంక, మల్ల గట్ల కావద్దని పైన గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టిండ్రు. మంచిదే. గని వానలు లేని దినాలల్ల ఆ రెండిటి కిందికెల్లి నది సొంత నీళ్లు రానే రావు. అప్పుడు పట్నంల మూసీ అనుకుంట మనం చూసేది నిజానికి మోరి నీళ్ల పారకమే. ఒక బకిట్‌కు ఇరవై ఐదు బకిట్లు కావాలంటిమి గదా, ఇక్కడ ఆ ఇరవై ఐదుల ఒక్కటి సుత లేదు.

ఇంకో లెక్క చూడున్రి. 2021ల సర్కారు చెప్పిన లెక్క ప్రకారం హైదరాబాద్‌ల రోజుకు 1,650 ఎంఎల్‌డీ మోరి నీళ్లు పుడ్తయి. ఒక ఎంఎల్‌డీ అంటె రోజుకు పది లక్షల లీటర్లు. ఏడాదికి లెక్క గడితె 21 టీఎంసీలు దాటుతది. 1963ల పూర్తయిన మన మూసీ ప్రాజెక్టు పట్టేది 4.46 టీఎంసీలు. అంటె పట్నం ఒక్క ఏడాది వదిలే మోరి నీళ్లతోని మూసీ ప్రాజెక్టును నాలుగు సార్లు నింపినా ఇంక మిగుల్తయి. గంత నీళ్లను కత్వల మీద వదిలేసి నువ్వే కడుక్కో అంటె నది ఏం జేస్తది?

ప్లాంటు లోపల ఏం జరుగుతది

ప్లాంటుల మాయ ఏం లేదు. నది నూరు కిలోమీటర్లల్ల చేసే పనిని, నాలుగు గోడల నడుమ, కొన్ని గంటలల్ల చేయిస్తరు.

మొదలు జాలీలు. మోరి నీళ్లతోని వచ్చే ప్లాస్టిక్ కవర్లు, బట్ట పీలికలు, సీసలు, శానిటరీ ప్యాడ్లు అన్ని ఇనుప జాలీలకు తట్టుకుంటయి. గవి తీసెయ్యకపోతె మోటర్లు ఖరాబైతయి. దాని తర్వాత ఇసుక తొట్టి. నీళ్ల ఉరుకుడు జర తగ్గిస్తె ఇసుక, రాళ్లు, మట్టి కిందికి దిగుతయి.

అసలు పని ఆ తర్వాతనే. దీంట్ల మనం చూసేయి రెండు తొవ్వలు.

ఒకటి గాలి కొట్టే తొవ్వ. పెద్ద తొట్టిల మోరి నీళ్లు నింపి, కిందికెల్లి బ్లోయర్లతోని గాలి కొడ్తరు. చాపల తొట్టిల బుడగలు వచ్చినట్టు, గని వెయ్యి రెట్లు. ఆక్సిజన్ దండిగ దొరికినంక సూక్ష్మజీవులు మురికిని ఆబగ తింటయి, గుంపులు గుంపులుగ ముద్దలు కడ్తయి. అప్పుడు గాలి బంద్ చేస్తరు. ముద్దలన్ని అడుగుకు కూసుంటయి, పైన తేట నీళ్లు తేల్తయి. మెల్లగ పై నీళ్లను తీసేస్తరు. అడుగున ఉన్న బురదల కొంత మిగిల్చి మల్ల కొత్త మోరి నీళ్లు నింపుతరు. పాలు తోడువెట్టనీకె నిన్నటి పెరుగు కొంత మిగిల్చుకుంటం సూడు, అచ్చం గట్లనే. ఆ బురదల బతికున్న సూక్ష్మజీవులే రేపటి తోడు. ఈ పద్ధతిని 1914ల ఇంగ్లండ్‌ల మాంచెస్టర్ దగ్గర ఇద్దరు కెమిస్టులు కనిపెట్టిండ్రు. ఇప్పుడు హైదరాబాద్‌ల కొత్తగ కడుతున్న ప్లాంట్లల్ల నింపుడు, గాలి కొట్టుడు, ఆగబెట్టుడు, వంపుడు, అన్ని ఒకే తొట్టిల వంతులవారిగ చేస్తరు. దాన్నే ఎస్‌బీఆర్ అంటరు.

రెండోది గాలి లేని తొవ్వ. మూతేసిన తొట్టిల కింది నుంచి నీళ్లను పైకి పంపుతరు. నడుమల మందపాటి బురద దుప్పటి లెక్క ఉంటది. గాలి అక్కర లేని సూక్ష్మజీవులు ఆ బురదల ఉండి మురికిని తింటయి, మీథేన్ గ్యాసు వదుల్తయి. ఊర్లల్ల పెండతోని నడిచే గోబర్ గ్యాస్ తొట్టి చూసిండ్రా? గదే లెక్క. దీన్ని యూఏఎస్‌బీ అంటరు. కరెంటు ఖర్చు తక్కువ, అది దీని లాభం. గని దీంట్లకెల్లి వచ్చిన నీళ్లల్ల ఆక్సిజన్ ఉండది, మురికి సుత పూరాగ పోదు. గందుకే ఆ తర్వాత చెరువుల లెక్క గుంటలల్ల నిలవెట్టి, గాలి పట్టించి అప్పుడు నదిల వదలాలె.

ఆఖరుకు క్లోరిన్ లాంటి మందు కలిపి రోగక్రిములను సంపాలె. ఇక మిగిలేది బురద. దాన్ని మిషన్ల తిప్పి నీళ్లు పిండి, ఎండవెడ్తరు. దాంట్ల ఫ్యాక్టరీల లోహాలు గిట్ల కలువకపోతె పొలానికి ఎరువైతది. కలిస్తె అదే విషం.

ఎంత లాభం? ఒక అంకె

అంబర్‌పేటల పాత ప్లాంటు 339 ఎంఎల్‌డీది. జాతీయ నది సంరక్షణ పథకం కింద మూసీ కోసమని కట్టిండ్రు, గాలి లేని తొవ్వల నడిచేది. దాంతోని పాటు నాగోల్‌ల 172, అత్తాపూర్‌ల 51, నల్లచెరువు దగ్గర 30 ఎంఎల్‌డీలయి కట్టిండ్రు.

339 ఎంఎల్‌డీ నీళ్లు 200 బీఓడీతోని లోపలికి పోయి, 20 బీఓడీతోని బయటికొస్తె, నదిల పడకుండ ఆగిన భారం ఎంత? లీటరుకు 180 మిల్లీగ్రాములు, 33 కోట్ల 90 లక్షల లీటర్లకు. గుణిస్తె రోజుకు 61 టన్నులు. అంటె అంత ఆక్సిజన్ నదిల మిగుల్తది. ఒక్క ప్లాంటు, సక్కగ నడిస్తె, ఒక్క దినంల చేసే మేలు ఇది. గందుకే "ప్లాంట్లన్ని దండుగ" అన్న మాటను నేను ఒప్పుకోను. ఈ లెక్కల ఒక్క షరతు మాత్రం ఉన్నది: సక్కగ నడిస్తె.

మరి నీళ్లు ఎందుకు సాఫ్ కాలె?

ఒకటి, ప్లాంట్లు ఆలస్యమైనయి. 2021ల రోజుకు 1,650 ఎంఎల్‌డీ పుడ్తె, ఉన్న 25 ప్లాంట్లు కలిపి సాఫ్ చేయగలిగింది 772 ఎంఎల్‌డీ. సగం కన్నా తక్కువ. మిగిలిందంత పచ్చిగనే మూసీల పడ్డది. ఆ ఏడాదే 31 కొత్త ప్లాంట్లకు, 1,259.50 ఎంఎల్‌డీకి, 3,866 కోట్ల రూపాయలు మంజూరు చేసిండ్రు. 2023 జూలైల కోకాపేటల 15 ఎంఎల్‌డీది మొదలు తెరిచిండ్రు. నాగోల్‌ల 320, అంబర్‌పేటల ఇంకో 212.5 ఎంఎల్‌డీ గీ పథకంలయే. ఈ బాధ మనొక్కలదే కాదు. కేంద్ర కాలుష్య మండలి 2021 నివేదిక ప్రకారం దేశంల పట్నాలల్ల రోజుకు పుట్టేది 72,368 ఎంఎల్‌డీ, నిజంగ సాఫ్ అయ్యేది 20,236 ఎంఎల్‌డీ. నాలుగింటిల ఒక్క వంతు కన్నా జర ఎక్కువ, అంతే.

రెండు, ప్లాంటు ఉంటె సరిపోదు, నీళ్లు ప్లాంటు దాంక రావాలె. కొత్తగ లేచిన కాలనీలల్ల మోరి పైపులు లేక నీళ్లు నాలాలల్ల కలుస్తయి. నాలా మూసీల పడే కాడ అడ్డుకోని, పైపుల్లకు మలిపి ప్లాంటుకు పంపుతరు. ఎండకాలం అది నడుస్తది. గట్టి వాన పడ్డదంటె నాలా నిండి, అడ్డు దాటి, అన్ని కలిసి నదిలకే పోతయి. వాన నీళ్లకు ఒక తొవ్వ, మోరి నీళ్లకు ఒక తొవ్వ పూరాగ వేరుగ లేనన్ని దినాలు ఇది తప్పది.

మూడు, నడుపుడు. గాలి కొట్టే బ్లోయర్లే ప్లాంటుల ఎక్కువ కరెంటు తింటయి. రిబ్బను కత్తిరించిన దినం ఫోటోలు మస్తు వస్తయి. పదేండ్ల తర్వాత కరెంటు బిల్లు ఎవరు కడ్తున్నరు, ఖరాబైన మోటరు ఎన్ని దినాలకు మారింది అన్నది ఎవరూ రాయరు. గాలి కొన్ని గంటలు బంద్ అయితె లోపలున్న సూక్ష్మజీవులు దెబ్బతింటయి. వాటిని మల్ల కోలుకునేటట్టు చెయ్యనీకె దినాలు పడ్తయి. స్విచ్ ఏసినట్టు కాదు.

నాలుగు, పాసు మార్కులు. మన దేశంల 1986 నియమాల ప్రకారం నదిల వదిలే నీళ్ల బీఓడీ 30 దాటొద్దు. 2017ల కేంద్రం పెద్ద పట్నాలకు 20 అన్నది. 2019 ఏప్రిల్‌ల జాతీయ హరిత ట్రిబ్యునల్ 10 ఉండాలన్నది. నదిల మనిషి తానం చేయాలంటె 3 దాటొద్దు. అంటె ప్లాంటు పాసైన నీళ్లు సుత తానానికి పనికిరావు. వాటిని కలుపుకొని పలుచన చెయ్యనీకె నదిల మంచి నీళ్లు ఉండాలె. మన మూసీల అవే లేవు. గోదావరి నీళ్లు తెచ్చి మూసీల పోస్తమన్న మాట గీ కాడికెల్లే పుట్టింది. మంచి నీళ్లు వస్తె వద్దంటలేను. గని మురికిని ఆపకుండ పైన మంచి నీళ్లు పోసుడు, కారుతున్న కుండను నింపుకుంట కూసున్నట్టే.

మందుల ముచ్చట వేరే

ఎస్‌టీపీ అన్నది మన ఇండ్ల మురికి కోసం కట్టింది. సూక్ష్మజీవులు బువ్వ, మలం తింటయి. రసాయనం తినవు. ఇంకా చెప్పాలంటె ఫ్యాక్టరీ నీళ్లు ఎక్కువైతె ప్లాంటుల సూక్ష్మజీవులే సస్తయి.

2007ల స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరుల మందుల కంపెనీల నీళ్లను సాఫ్ చేసే ఉమ్మడి ప్లాంటుకెల్లి బయటికొస్తున్న నీళ్లను పరీక్షించిండ్రు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాంక దొరికింది. ఆ మందు గోలీ ఏసుకున్న మనిషి నెత్తురుల ఉండే దానికన్నా ఎక్కువ. లోకమంత ఆ పేపరు చూసి నివ్వెరపోయింది. ఆ ప్లాంటు నీళ్లను తర్వాత 18 కిలోమీటర్ల పైపులైన్ వేసి అంబర్‌పేటకు మలిపిండ్రు. అక్కడ మోరి నీళ్లతోని కలుస్తయి. పలుచనైతయి, నిజమే. మాయం మాత్రం కావు.

దీంట్ల మనకు భయం ఏందంటె, కొంచెం కొంచెం మందు ఎప్పుడూ తగులుతున్న నీళ్లల్ల రోగక్రిములు ఆ మందుకు అలవాటు పడ్తయి. రేపు మనకు జ్వరమొస్తె అదే గోలీ పనిచెయ్యది. గందుకే ఫ్యాక్టరీ నీళ్లను ఫ్యాక్టరీ గేటు లోపలనే ఆపాలె. ఎస్‌టీపీ మీదికి తోసుడు పరిష్కారం కాదు.

కింది ఊర్ల లెక్క

ఇప్పటిదాంక పట్నం ముచ్చట చెప్పిన. ఇప్పుడు మన ముచ్చట. ప్రతాపసింగారం, గౌరెల్లి, బాచారం, పిల్లాయిపల్లి, పోచంపల్లి, వలిగొండ దాంక మూసీ పొంటి ఉన్న రైతులకు ఈ నీళ్లు బతుకు. ఎండకాలం సుత ఆగని నీళ్లు ఇవే. పట్నం దగ్గర మూసీ ఒడ్డుల పొంటి బర్రెలకు వేసే గడ్డి పెంచుతరు, ఆ గడ్డి తిన్న బర్రెల పాలే పట్నం తాగుతది. కిందికొస్తె వరి. ఈ నీళ్లల్ల నత్రజని ఎక్కువ గనుక యూరియా తక్కువ పడ్తది. అదే నత్రజని ఎక్కువైతె వరి ఏపుగ లేచి, గింజ గట్టిపడకముందే పడిపోతది. చెరువులల్ల గుర్రపుడెక్క అల్లుకునుడు సుత దాంతోనే. ఏదులాబాద్ చెరువు దిక్కు పోయినోళ్లకు చెప్పాల్సిన పని లేదు.

బాధ ఏందంటె, మోకాళ్ల దాంక ఆ నీళ్లల్ల దిగి నాటు వేసేది మన అమ్మలు, అక్కలు. కాళ్లు పగులుతయి, దురదలు లేస్తయి. హైదరాబాద్ మూసీ పొంటి మోరి నీళ్లతోని ఎవుసం చేసే ఇండ్లల్ల కొంకి పురుగులు, అవే కడుపుల నెత్తురు తాగే పురుగులు, ఎక్కువున్నయని పరిశోధనలల్ల తేలింది. ఆ పురుగు ఉత్త కాళ్లకెల్లే ఒంట్లకు దూరుతది. క్లోరిన్‌తోని బ్యాక్టీరియా సస్తది గని పురుగు గుడ్లు అంత తొందరగ సావవు. అవి అడుగుకు దిగాలంటె నీళ్లు నిలవెట్టాలె. గందుకే ప్లాంటుల నిలవెట్టే గుంటలు, మన కత్వలు, రెండు సుత కావాలె.

ఒక మాట గట్టిగ చెప్త. మనకు ఈ నీళ్లు వద్దు అని ఎన్నడూ అనొద్దు. రేపు ప్లాంట్లు మంచిగ నడిచి నీళ్లు తేటగైతె, వాటిని కంపెనీలకు, కట్టడాలకు అమ్ముకోవాలని పట్నం చూస్తది. సాఫ్ చేసిన నీళ్లకు విలువొస్తది. అప్పుడు "కింద రైతులు మూసీ నీళ్లు వద్దన్నరు గదా" అనే మాట రావొద్దు. మురికి భరించినన్ని దినాలు నీళ్లు మనయి, సాఫ్ అయినంక వాళ్లయి అంటె నడువది. మన డిమాండ్ రెండు కాళ్ల మీద నిలవడాలె: నీళ్లు సాఫ్ చెయ్యాలె, మన వాటా మనకు రావాలె. ఇది మా నల్లగొండ, యాదాద్రి, సూర్యాపేట ముచ్చటే కాదు. వాడపల్లి దాటినంక ఆ నీళ్లు పులిచింతలకు పోతయి, ఆడికెల్లి ప్రకాశం బ్యారేజీకి పోతయి. కృష్ణా డెల్టా రైతు సుత మన తోడు గొంతు కలుపవచ్చు.

చేతుల ముచ్చట మరువొద్దు

ఈ వ్యవస్థ అంత కొన్ని చేతుల మీద నడుస్తది. మోరి పైపు జామ్ అయితె, పంపు తొట్టిల బట్టలు ఇరుక్కుంటె ఎవరో దిగాలె. కుళ్లిన గుడ్డు వాసన గ్యాసు అంటిమి గదా, అది మ్యాన్‌హోల్‌ల నిండుకుంటె నాలుగు ఊపిర్లల్ల మనిషి పడిపోతడు. రక్షణ లేకుండ మనిషిని మోరిల దింపుడు 2013 చట్టం ప్రకారం నేరం. చనిపోయినోళ్ల ఇంటికి పది లక్షలియ్యాలని సుప్రీంకోర్టు 2014ల చెప్పింది, 2023 అక్టోబర్‌ల దాన్ని 30 లక్షలు చేసింది. దిగేటోడు ఎక్కువగ కాంట్రాక్టు మనిషి, ఎక్కువగ దళిత బిడ్డ. నదిని కాపాడే ప్లాంటు మనిషిని మింగొద్దు. నీళ్ల లెక్క అడిగినప్పుడు, మిషన్లున్నయా, మాస్కులున్నయా అని గీ లెక్క సుత అడగాలె.

ఏమడగాలె?

తమ్ముడూ, చెల్లే, ఇప్పుడు మీ వంతు. సమాచార హక్కు చట్టం 2005ల వచ్చింది. పది రూపాయల ఫీజుతోని దరఖాస్తు పెడితె 30 దినాలల్ల జవాబియ్యాలె. జలమండలికి, కాలుష్య నియంత్రణ మండలికి, మీ మున్సిపాలిటీకి పెట్టొచ్చు. ఉత్తగ "నీళ్లెందుకు ఖరాబున్నయి" అంటె జవాబు రాదు. గిట్ల అడుగున్రి:

ప్లాంటు సామర్థ్యం ఎంత, పోయిన పన్నెండు నెలలల్ల రోజుకు సగటున లోపలికి వచ్చిన నీళ్లు ఎన్ని?

లోపలికి వచ్చేటప్పుడు బీఓడీ ఎంత, బయటికి పోయేటప్పుడు ఎంత? నెలవారిగ ఇయ్యాలె.

బయటికి పోయే నీళ్లల్ల మలంకెల్లి వచ్చే బ్యాక్టీరియా, అదే ఫీకల్ కోలిఫామ్, ఎంత?

బ్లోయర్లు, మోటర్లు ఎన్ని గంటలు బంద్ ఉన్నయి, ఎందుకు? కరెంటు బిల్లు నెలకు ఎంత?

బురద ఎంత వెళ్తున్నది, ఎక్కడ పోస్తున్నరు, దాంట్ల లోహాల పరీక్ష చేసిండ్రా?

జవాబు వస్తె సదువనీకె భయపడొద్దు. సామర్థ్యం 100 అయ్యి వచ్చేది 40 అయితె, పైపులు లేవన్నట్టు. 100 అయ్యి 140 వస్తె, మిగిలిన 40 పచ్చిగ నదిల పడ్తున్నట్టు. లోపలికి వచ్చే బీఓడీనే 40, 50 ఉంటె, నాలాల ఊట నీళ్లు, వాన నీళ్లు కలుస్తున్నట్టు, ప్లాంటు చేసే పని తక్కువన్నట్టు. పన్నెండు నెలలు ఒకే అంకె రాసి ఉంటె, పరీక్ష చెయ్యకుండ రాసిండ్రని అనుమానం పెట్టుకోవాలె.

2018ల కేంద్ర కాలుష్య మండలి దేశంల 351 నది పాయలు ఖరాబున్నయని లిస్టు తీసింది. దాంట్ల మూసీని అన్నిటికన్నా ఎక్కువ ఖరాబైన మొదటి వరుసల వెట్టింది. ఆ వరుసకెల్లి మూసీ బయటపడ్డదా లేదా అన్నది ప్రెస్‌మీట్‌ల తేలేది కాదు. గా అయిదు సవాళ్ల జవాబులల్ల తేల్తది. మూసీ పొంటి ఉన్న ఒక్కొక్క ఊరికెల్లి ఒక్క పిల్లగాడో పిల్లో, ఏడాదికి ఒక్క దరఖాస్తు పెట్టి, వచ్చిన కాయితాన్ని గ్రామసభల సదివినా సాలు. అంకెలు ఊరందరి నోట్ల నాన్తె, ప్లాంటుల గాలి బంద్ చెయ్యనీకె ఎవరికైనా జర జంకుంటది.